కళా రేడియోలో ఇన్ని రకాల కార్యక్రమాలు ఒక షెడ్యూల్‌లో ఎలా ఇముడుతాయి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. వాలంటీర్లు నడిపే ఒక చిన్న స్వతంత్ర కళా రేడియోకి మీరు కొత్తగా ప్రోగ్రామింగ్ బాధ్యత తీసుకున్నారు. ప్రయోగాత్మక సంగీతం, కవిత్వం, జానపదం, రేడియో నాటకం, వీధుల్లోనూ అడవుల్లోనూ చేసిన శబ్దాల రికార్డింగులు, పిల్లల కార్యక్రమం, వేరే భాషల్లో సంభాషణలు, అన్నీ ఒకేసారి మీ మీద వచ్చి పడ్డాయి. కమిటీలో కొందరు "ఇంత కలగాపులగంగా ఉంటే ఎవరూ వినరు, ఏదో ఒక ధోరణికి రావాలి" అంటున్నారు. వైవిధ్యం తగ్గించాలా వద్దా అని అడిగారు.

తగ్గించకండి. దాని బదులు వేళలు బిగించండి. కార్యక్రమం లోపల ఏం వినబడబోతుందో శ్రోతకి ముందే తెలియక్కర్లేదు. కానీ అది ఎప్పుడు మొదలవుతుందో, ఎప్పుడు ముగుస్తుందో, ఎవరు చేస్తున్నారో మాత్రం తెలిసి తీరాలి. చాలా ఏళ్లుగా ఇలాంటి స్టేషన్‌లో షెడ్యూల్ చూస్తున్నాను. "మీ రేడియో గందరగోళంగా ఉంది" అనే ఫిర్యాదు వచ్చినప్పుడల్లా కారణం వెతికితే, అది వినిపించిన సంగీతంలో దొరకలేదు. కార్యక్రమం పది నిమిషాలు ఆలస్యంగా మొదలవడంలోనో, చెప్పకుండా మారిపోవడంలోనో, ఎవరు మాట్లాడుతున్నారో గంటసేపు చెప్పకపోవడంలోనో దొరికింది.

ఇది నా ఒక్కడి అనుభవం కాదు. 1949 ఏప్రిల్‌లో అమెరికాలోని బర్కిలీలో లూయిస్ హిల్, ఆయన మిత్రులు కేపీఎఫ్ఏ అనే స్టేషన్ మొదలుపెట్టారు. ప్రకటనలు లేవు, శ్రోతల చందాలే ఆధారం. శాస్త్రీయ సంగీతం, కవిత్వం, రాజకీయ చర్చలు, పిల్లల కార్యక్రమాలు అన్నీ ఒకే ఫ్రీక్వెన్సీ మీద నడిచేవి. దాన్ని శ్రోతకి అందుబాటులోకి తెచ్చింది ఫోలియో అనే చిన్న ముద్రిత పట్టిక. చందాదారుల ఇంటికి అది పోస్టులో వచ్చేది. ఏ రోజు ఏ గంటకి ఏముందో చూసుకుని, కావలసింది వినేవాళ్లు. రోజంతా రేడియో పెట్టుకుని కూర్చోమని స్టేషన్ ఎవర్నీ అడగలేదు. మీ కమిటీ సభ్యుల భయం వెనక, శ్రోత పొద్దున్నుంచి రాత్రిదాకా ఒకే మనిషి, అతనికి అన్నీ నచ్చాలి అనే ఊహ ఉంది. ఆ ఊహ వాణిజ్య రేడియోది, మీకు దాంతో పని లేదు.

ఇంకో దారి న్యూజెర్సీలోని డబ్ల్యూఎఫ్ఎంయూది. 1958లో ఉప్సాలా కాలేజీ స్టేషన్‌గా మొదలైంది. అక్కడ ఏ పాట వేయాలో పై నుంచి ఎవరూ చెప్పరు, ప్రతి డీజే తన గంటలకి తనే యజమాని. 1995లో కాలేజీ మూతపడింది. అప్పటికే స్టేషన్ మనుషులు లైసెన్సును తమ సొంత సంస్థ పేరుకి మార్చుకోవడంతో రేడియో బతికింది, ఇప్పటికీ శ్రోతల విరాళాల మీదే నడుస్తోంది. అక్కడ గంటకీ గంటకీ సంబంధం లేకపోవచ్చు, కానీ ప్రతి గంటకీ ఒక మనిషి ఉంటాడు. శ్రోత ఆ మనిషిని నమ్మి వస్తాడు. ఆ నమ్మకం మీద ఆ మనిషి అతన్ని ఎక్కడికైనా తీసుకెళ్లగలడు.

మీ స్టేషన్‌కి అన్నిటికన్నా దగ్గరి పోలిక లండన్‌లోని రెజొనెన్స్ ఎఫ్ఎం. 2002 మే 1న లండన్ మ్యుజీషియన్స్ కలెక్టివ్ అనే సంగీతకారుల సంఘం దాన్ని మొదలుపెట్టింది. చిన్న ట్రాన్స్‌మిటర్, కళాకారులే వాలంటీర్లు, మీరు రాసిన జాబితాని మించిన వైవిధ్యం. అక్కడ నాకు బాగా నచ్చిన ఏర్పాటు క్లియర్ స్పాట్. ఒక్కసారికే తయారైన కార్యక్రమాల కోసం విడిగా ఉంచిన స్లాట్ అది. ఈ వారం ఒకరిది, వచ్చే వారం ఇంకొకరిది. అందులో ఏం వస్తుందో తెలియదు, కానీ కొత్తది వస్తుందని మాత్రం తెలుసు. మీరు చేయవలసిన మొదటి పని ఇలాంటి స్లాట్ ఒకటి కేటాయించడమే. "నా దగ్గర ఒక్క ఆలోచన ఉంది, కానీ ప్రతి వారం చేయలేను" అనే మంచి కళాకారులు చాలామంది ఉంటారు. స్లాట్ లేకపోతే వాళ్లు బలవంతంగా సిరీస్ మొదలుపెట్టి మూడో వారానికి అలసిపోతారు.

ఇక ఎంపిక. "మన దగ్గర జాజ్ లేదు, ఒక జాజ్ ప్రోగ్రాం కావాలి" అని ఖాళీలు పూరించడం మొదలుపెట్టారంటే కొద్ది నెలల్లో మీ షెడ్యూల్ రికార్డుల దుకాణంలోని అరల్లా తయారవుతుంది. మనిషిని ఎంచుకోండి. దరఖాస్తు ఫారంలో పైలట్ ఎపిసోడ్ (నమూనా) ఒక్కటే అడిగితే చాలదు, మొదటి ఎపిసోడ్ ఎవరైనా బాగానే చేస్తారు. ఆరో ఎపిసోడ్‌లో ఏం చేస్తారో రాయమనండి. ఇది ప్లేలిస్ట్‌గానో వీడియోగానో కాకుండా రేడియోలోనే ఎందుకు ఉండాలో రెండు వాక్యాల్లో చెప్పమనండి. ఈ రెండు జవాబులు చదివితే చాలావరకు తెలిసిపోతుంది. గొంతు, ఉచ్చారణ, మైకు ముందు తడబాటు, ఇవేవీ పట్టించుకోకండి. ఇవి నేర్పితే వస్తాయి. శబ్దం మీద ఆసక్తి మాత్రం నేర్పితే రాదు.

సీజన్ పద్ధతి పెట్టండి. పన్నెండు లేదా పదమూడు వారాలు ఒక సీజన్, ఆ తర్వాత ప్రతి కార్యక్రమం మీద ఒక సంభాషణ. కొనసాగించడమా, విరామమా, ముగింపా? ముందే తేదీ ఉంటే ముగించడం అవమానంగా అనిపించదు. తేదీ లేకపోతే మంచి వేళలన్నీ ఎప్పుడో మొదలై ఊపిరి తగ్గిపోయిన కార్యక్రమాల చేతుల్లో ఉండిపోతాయి, కొత్తవాళ్లకి అర్ధరాత్రి మాత్రమే మిగులుతుంది. ఏ కార్యక్రమాన్నైనా తీసేయవలసి వస్తే కారణం అభిరుచి కాకూడదు, నిలకడ లేకపోవడం కావాలి. ఫైలు టైముకి రాకపోవడం, లైవ్‌కి మనిషి రాకపోవడం, ఇవి అందరికీ కనిపించే కారణాలు. "మాకు నచ్చలేదు" అని తీసేశారంటే ఆ రోజు నుంచి మిగతావాళ్లందరూ కమిటీకి నచ్చేలా చేయడం మొదలుపెడతారు. కళా రేడియోకి అంతకన్నా నష్టం లేదు.

పక్కపక్కన ఏది పెట్టాలన్నది నిజంగా కళే, ఇక్కడ ఎక్కువ సమయం పెట్టండి. నేను చూసేది జానర్ కాదు, ఎంత ఒత్తుగా ఉంది అన్నది. గంటసేపు ఆగకుండా మాటలున్న చర్చ తర్వాత ఇంకో మాటల కార్యక్రమం వస్తే రెండోది ఎంత బాగున్నా చెవి వినదు. అదే చర్చ తర్వాత నది ఒడ్డున చేసిన అరగంట రికార్డింగ్ వస్తే, విడిగా వింటే "ఇదేంటి" అనుకునే శ్రోత కూడా ఆగి వింటాడు. పెద్ద చప్పుడుతో సాగే నాయిస్ సంగీతం తర్వాత కవిత్వం పెట్టాలంటే మధ్యలో ఒక మనిషి గొంతు ఉండాలి, రెండు నిమిషాలైనా చాలు. పిల్లల కార్యక్రమం పక్కన ప్రయోగాత్మక సంగీతం చక్కగా కుదురుతుంది. వింత శబ్దం అంటే పిల్లలకి భయం లేదు, అది సంగీతమా కాదా అనే పేచీ కూడా లేదు.

ఒక విషయంలో మీ కమిటీతో గట్టిగా ఉండండి. కష్టమైన పనులన్నీ రాత్రి పదకొండు తర్వాతకి నెట్టేయాలనే ఒత్తిడి వస్తుంది. గంటల తరబడి సాగే దీర్ఘ రచనలకి రాత్రి నిజంగా మంచి వేళే. కానీ ప్రతి రోజూ పగటిపూట కనీసం ఒక స్లాట్‌లో శ్రోత వేరే ఎక్కడా వినలేనిది ఉండాలి. పారిస్ రేడియోలో పియర్ షెఫెర్ అనే ఇంజనీరు రైళ్ల శబ్దాలతో కూర్చిన రచన 1948లో ప్రసారమైంది. కెనడాలో పియానో కళాకారుడు గ్లెన్ గూల్డ్ 1967లో ఆ దేశపు జాతీయ ప్రసార సంస్థ సీబీసీ కోసం, ఉత్తరాది మంచు ప్రాంతాల గురించి మాట్లాడే గొంతుల్ని ఒకదాని మీద ఒకటి పేర్చి డాక్యుమెంటరీ చేశాడు. ఆస్ట్రియా జాతీయ ప్రసార సంస్థలో హైడీ గ్రుండ్‌మన్ 1987లో మొదలుపెట్టిన కున్స్ట్‌రాడియో వారం వారం కళాకారుల చేతికి ప్రసార సమయం ఇచ్చింది. ఇవన్నీ సాధారణ ప్రజల రేడియోలోనే వచ్చాయి. "మన శ్రోతలు ఇది తట్టుకోలేరు" అన్నవాళ్లకి ఈ పేర్లు చెప్పండి.

ఇప్పుడు ఎవరూ పెద్దగా మాట్లాడని సాంకేతిక సంగతి. వైవిధ్యం ఉన్న స్టేషన్లు ఎక్కువగా ఇక్కడే దెబ్బతింటాయి. ఒకరు ఇంట్లో ఫోన్‌తో రికార్డు చేస్తారు, ఇంకొకరు స్టూడియోలో గట్టిగా కంప్రెస్ చేసిన, అంటే మెల్లటి చోట్లని కూడా పైకి లేపి అంతా ఒకే జోరుగా చేసిన ఫైలు ఇస్తారు. మొదటిది వినడానికి శ్రోత వాల్యూమ్ పెంచుతాడు, రెండోది మొదలవగానే ఉలిక్కిపడి కట్టేస్తాడు. అతను వెళ్లిపోయింది సంగీతం నచ్చక కాదు. అందుకని ఫైళ్లన్నీ ఒకే లౌడ్‌నెస్ లక్ష్యానికి తెమ్మని చెప్పండి. యూరప్ ప్రసార సంస్థల ప్రమాణం ఆర్128 ప్రకారం అది మైనస్ 23 ఎల్‌యూఎఫ్ఎస్ (చెవికి శబ్దం ఎంత గట్టిగా వినబడుతుందో కొలిచే ప్రమాణం). ఆన్‌లైన్ స్ట్రీమ్‌కి మైనస్ 16 దగ్గర పెట్టేవాళ్లు ఎక్కువ. ఈ కొలత కార్యక్రమం మొత్తం సగటుని చూస్తుంది కాబట్టి లోపల మెల్లటి చోట్లు మెల్లగా, గట్టి చోట్లు గట్టిగానే ఉండొచ్చు. కొలవడానికి ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, ఒక్క సాయంత్రంలో అందరికీ నేర్పొచ్చు.

తర్వాత ట్రాన్స్‌మిటర్ ముందు ఉండే ఆడియో ప్రాసెసర్, అంటే ప్రసారానికి వెళ్లే శబ్దం స్థాయిని తనంతట తనే సర్దే పరికరం. పాప్ పాటలకి సరిపోయేలా దాన్ని సెట్ చేసి వదిలేస్తే, సన్నటి వాన రికార్డింగ్‌ని అది పైకి లాగి జలపాతం చేస్తుంది. రచయిత చదువుతూ ఒక వాక్యం దగ్గర ఆగితే ఆ ఖాళీలోకి గది రొద ఉబికి వస్తుంది. చాలా ప్రాసెసర్లలో వేళని బట్టి సెట్టింగ్ మార్చే వీలుంటుంది. లేకపోతే మొత్తానికి మృదువైన సెట్టింగ్ పెట్టుకోండి. పక్క స్టేషన్ కన్నా కొంచెం మెల్లగా వినిపిస్తే వినిపించనివ్వండి.

ఎఫ్ఎంలో దాదాపు 15 కిలోహెర్ట్జ్ పైన ఉన్న శబ్దం వెళ్లదు. మోనో రేడియోకి, అంటే ఒకే చానల్ వినిపించే రేడియోకి చేరేది ఎడమ కుడి చానళ్ల మొత్తం మాత్రమే. ఒక చానల్‌కి ఇంకోటి తలకిందులుగా ఉండేలా రచన చేస్తే చిన్న రేడియోలో అది పూర్తిగా మాయమవుతుంది. ఎలక్ట్రానిక్ సంగీతం చేసేవాళ్లకి ఇది ముందే చెప్పండి, పంపే ముందు ఒకసారి మోనోలో వినమనండి.

నిశ్శబ్దం గురించి విడిగా చెప్పాలి. మీ సిస్టంలో సైలెన్స్ డిటెక్టర్ ఉండే ఉంటుంది. ఇరవయ్యో ముప్పయ్యో సెకన్లు ఏమీ వినబడకపోతే, ఏదో చెడిపోయిందనుకుని బ్యాకప్ సంగీతం మొదలుపెడుతుంది. నిశ్శబ్దాన్ని వాడే రచన మధ్యలో అది జరిగితే కళాకారుడికి ఎంత బాధో ఆలోచించండి. 2004 జనవరిలో బీబీసీ రేడియో 3, స్వరకర్త జాన్ కేజ్ నిశ్శబ్ద రచనని లండన్ బార్బికన్ నుంచి ఆర్కెస్ట్రాతో ప్రసారం చేసినప్పుడు, ఇదే కారణంతో ముందుగా అత్యవసర బ్యాకప్ వ్యవస్థని ఆపి ఉంచవలసి వచ్చింది. మీ దగ్గర కూడా ఫైలుతో పాటు "ఇందులో నిశ్శబ్దం ఉంది, ఎంతసేపు" అని రాసే గడి ఒకటి పెట్టండి. ఆ గంటకి డ్యూటీలో ఉన్నవాళ్లు డిటెక్టర్ సమయం పెంచుతారు, ముగిశాక తిరిగి పెడతారు. తిరిగి పెట్టడం చెక్‌లిస్ట్‌లో రాసి ఉండాలి.

పరిచయం చేసే పద్ధతి మీద కూడా కొంచెం శిక్షణ ఇవ్వండి. కొత్తగా వచ్చేవాళ్లు రెండు పొరపాట్లలో ఏదో ఒకటి చేస్తారు. ఏమీ చెప్పకుండా ఇరవై నిమిషాల వింత శబ్దంలోకి దూకుతారు. లేదా "ఇది కొంచెం కష్టంగా ఉంటుంది, క్షమించండి" అంటారు. రెండోది ఇంకా చెడ్డది. క్షమాపణ వినగానే శ్రోతకి నచ్చకపోవడానికి అనుమతి దొరికినట్టే. చెప్పవలసింది సూటిగా చెప్పాలి. ఎవరు చేశారు, ఎంతసేపు ఉంటుంది, ఒక్క విషయం దేని మీద చెవి పెట్టాలి. "ఇది పద్దెనిమిది నిమిషాలు. కింద ఒక యంత్రం మోత ఉంటుంది, అది చివరిదాకా ఎక్కడా ఆగదు, కానీ మారుతూ ఉంటుంది, గమనించండి." ఇంత చాలు. నిడివి తెలిస్తే శ్రోత చివరిదాకా ఓపికగా ఉంటాడు, నేను దీన్ని మళ్లీ మళ్లీ చూశాను. అయిపోయాక పేర్లు మళ్లీ చెప్పండి, మధ్యలో వచ్చినవాళ్లు ఎప్పుడూ ఉంటారు.

వేరే భాషల కార్యక్రమాల గురించి మీరు పక్కన ఒక మాట రాశారు, ఆ భాష రానివాళ్లు వెళ్లిపోతారేమోనని. కొందరు వెళ్తారు. కానీ ఆ గంటని "వాళ్ల గంట"గా ఒక మూలన పెట్టకండి. ఆ కార్యక్రమం చేసేవాళ్లని వేరే కార్యక్రమాలకి పిలవండి, వాళ్ల పాటలు మిగతా డీజేల చేతికి వెళ్లేలా చూడండి. ఒక గొంతు బుధవారం చర్చలోనూ శనివారం సంగీతంలోనూ వినబడితే స్టేషన్ అంతా ఒక్కటేనని శ్రోతకి విడిగా చెప్పక్కర్లేదు.

పునఃప్రసారాలంటే సిగ్గుపడకండి. వారంలో 168 గంటలున్నాయి. వాలంటీర్ల స్టేషన్ అన్ని గంటలూ కొత్తవాటితో నింపలేదు, నింపాలని చూస్తే మనుషులు అలసి కూలబడతారు. వారానికి నలభై యాభై గంటలు కొత్తవి ఉంటే చాలా గొప్ప. ప్రతిదాన్నీ వేరే రోజు, పూర్తిగా వేరే వేళలో ఇంకోసారి వేయండి. మంగళవారం రాత్రిది శనివారం పొద్దున వేస్తే వినేది వేరే మనుషులు, కార్యక్రమం కూడా వేరేగా వినబడుతుంది. పొద్దునకి పనికిరాదనుకున్నవి కొన్ని పొద్దునే బాగుండటం మీరే చూస్తారు. ఆటోమేషన్‌కి, అంటే మనిషి లేని వేళల్లో ప్రసారం దానంతట అది నడవడానికి, లిబ్రెటైమ్, ఆజురాకాస్ట్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లు చాలు.

బయటి స్టేషన్ల నుంచి కూడా తీసుకోండి. 2005 నుంచి రేడియా అనే కళా రేడియోల నెట్‌వర్క్ నడుస్తోంది. వంతుల ప్రకారం ఒక్కో వారం ఒక్కో స్టేషన్ 28 నిమిషాల రచన తయారుచేస్తుంది, మిగతా సభ్య స్టేషన్లు దాన్ని ప్రసారం చేస్తాయి. ఇలాంటి వాటిలో చేరితే మీ వాలంటీర్లకి తమ పని దూరదేశాల్లో వినబడుతుందన్న ఉత్సాహం, మీకు ప్రతి వారం ఒక అరగంట దొరుకుతాయి.

ఎంతమంది వింటున్నారన్న లెక్క కమిటీ తప్పకుండా అడుగుతుంది. స్ట్రీమ్ లెక్కలు ఇవ్వండి, దాచకండి. కానీ మొదటి సీజన్‌లో ఆ అంకె చూసి ఏదీ తీసేయకూడదని ముందే రాతపూర్వకంగా ఒప్పించుకోండి. ఎఫ్ఎం మీద వినేవాళ్లు ఆ లెక్కలోకి రారు, చిన్న స్టేషన్‌కి నలుగురి తేడా కూడా శాతంలో పెద్దగా కనిపిస్తుంది. దానికి తోడుగా శ్రోతలు రాసిన ఉత్తరాలు, ఆర్కైవ్‌లో జనం మళ్లీ విన్నవి, ఒక కార్యక్రమం విని స్టేషన్‌కి వచ్చి తామూ చేస్తామన్నవాళ్ల సంఖ్య చూపించండి. నా దృష్టిలో ఈ చివరిది అన్నిటికన్నా ముఖ్యం. వింటూ వింటూ మైకు దాకా వచ్చే మనుషులుంటేనే కమ్యూనిటీ రేడియో.

హక్కుల విషయం ఆలస్యం చేయకండి. ప్రసారానికి ఉన్న మ్యూజిక్ లైసెన్సు ఆర్కైవ్‌లో ఎప్పుడైనా వినేలా ఉంచడానికి సాధారణంగా వర్తించదు, మీ దేశంలో నియమం కనుక్కోండి. ఏ గంటలో ఏం వేశారో ఆ రోజే నమోదు చేయించండి. నెల తర్వాత గుర్తు తెచ్చుకుని రాయడం ఎవరి వల్లా కాదు, ముఖ్యంగా డీజే పేరులేని క్యాసెట్ నుంచి వేసి ఉంటే. కళాకారులు మీ కోసమే చేసిన రచనలకి ఎన్నిసార్లు వేయొచ్చు, వేరే స్టేషన్లకి ఇవ్వొచ్చా అన్నది ఒక పేజీ ఒప్పందంలో రాసుకోండి.

ఈ సీజన్‌కి మీరు వెంటనే చేయగలిగింది చెప్తాను. ఇప్పుడున్న కార్యక్రమాల్లో ఏదీ తీసేయకండి. అన్నీ సరిగ్గా గంటకో అరగంటకో మొదలయ్యేలా సర్దండి, 58 నిమిషాలు లేదా 28 నిమిషాలు అడగండి, మిగిలిన రెండు నిమిషాలు స్టేషన్ గొంతుకి ఉంచుకోండి. ఇప్పుడు అయిపోయింది ఏమిటి, తర్వాత ఎవరు వస్తున్నారు అని ప్రతిసారీ చెప్పించండి. ప్రతి ఒక్కరి దగ్గరా ఏ వారమైనా వేయగలిగే ఒక ఎపిసోడ్ ముందుగా తీసుకుని పక్కన ఉంచండి, ఫైలు రాని రోజు అదే వెళ్తుంది. పట్టిక వెబ్‌సైట్‌లోనే కాకుండా కాగితం మీద కూడా అచ్చు వేసి లైబ్రరీల్లో, గ్యాలరీల్లో, రిహార్సల్ గదుల్లో పెట్టండి. మొదటి పదమూడు వారాలు అయ్యాక మీ పట్టిక ఇక్కడ పెడితే, ఏది దేని పక్కన ఉందో చూసి నాకు తోచింది రాస్తాను.